కదిరమ్మకు కట్టిన ఆంప్లిఫయర్

కండెన్సరంటే కండెన్సరే గదా అనుకునే మనుషుల మధ్య బతకడం ఎంత కష్టమో కాటయ్యను అడగాలి. ఎవరూ అడగరు. ఆయన ఒళ్లుమంట అంతా అక్కడే. నిడుగల్లు కొండ కింద, ఒకప్పుడు గొర్రెల వెంట తిరిగినవాళ్లు నాగలి పట్టి నిలిచిపోయిన చిన్న పల్లె అది, వాళ్ల మాటలో హట్టి. ముప్పై ఇళ్లు. ఆ ముప్పై ఇళ్లలో రేడియో మూగపోతే కాటయ్య కావాలి, టార్చిలైటు వెలగకపోతే కాటయ్య కావాలి, పెండ్లికి మైకుసెట్టు తేవాలన్నా కాటయ్యే కావాలి. కానీ ఒక పని మొదలుపెట్టే ముందు "ఇట్ల చేస్తే సరేనా కాటయ్యా" అని అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. అన్నీ చెడగొట్టుకున్నాక, గుడ్డలో మూట కట్టుకుని వాకిట్లోకి వస్తారు.

ఇది ఎనభై ఏడో సంవత్సరం సంగతి. వరసగా మూడో కరువు. మబ్బు వస్తుంది, కొండ దాకా వచ్చి ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి పోతుంది. వేరుశనగ తప్ప ఇంకో పంట ఎరగని నేల, ఆ ఒక్క పంటకూ నీళ్లు లేని ఆకాశం. మనుషులకు ఎవరి మీద కోపం వస్తున్నదో తెలియని కాలం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఒకరి కోపం ఇంకొకరి మీద పడుతూ ఉండేది.

కాటయ్యకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. పదేళ్లుగా పావగడలో రామాంజినప్ప మైకుసెట్టు అంగడిలో మెకానిక్కు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఇంటికి వస్తాడు. రామాంజినప్ప చెడ్డవాడు కాదు, కానీ సౌండు విషయంలో ఆయనకు తెలిసింది ఒకటే: ఈ ఊళ్లో పెడితే పక్క ఊళ్లో వినపడాలి. స్విచ్చి వేయగానే సెట్టు 'గుయ్' మనాలి. ఆ గుయ్యిమనే మోత లేకపోతే సెట్టుకు ప్రాణం లేదని అర్థం. గిరాకీలూ ఆయనకు తగ్గవాళ్లే. కాటయ్య ఒకసారి తంటాలు పడి ఒక పాత సెట్టులో ఆ మోత తగ్గించి ఇస్తే, మరుసటి రోజు దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చి, "బాగుండేదాన్ని చంపేసినావే" అని తిట్టి పోయారు. చెప్పండి, ఎవరికి మండదు?

ఆ మోత మీద కాటయ్యకు ఉన్న పగకు వేరే కారణం ఉంది. ఆ కారణం ఆయన తల్లి కదిరమ్మ.

ఆ పక్క పల్లెల్లో విత్తనం వేరుశనగను యంత్రానికి వేయరు, కట్టెతో కొట్టరు. పొర చిట్లితే మొలక రాదు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని ఒక్కొక్క కాయా వేళ్లతో నొక్కి ఒలుస్తారు. ఒలిచేటప్పుడు పాడమంటారు. పాడే నోరు విత్తనం తినదు గదా, అదీ ఆసామి తెలివి. అట్లా పాడించడానికి చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కదిరమ్మను పిలుచుకుని పోయేవి. ఆమె పాట దేవుడి మీద కాదు, మొగుడి మీద కాదు. మబ్బును పట్టుకుని ఏకి పారేసేది.

"కొండదాకా వచ్చి కోపాన పోతివే, నల్లా మబ్బమ్మా, నీకేమి నిక్కమ్మా!"

ఆ 'మబ్బమ్మా' దగ్గర గొంతు పైకి లేచి ఒక్క క్షణం అక్కడే నిలబడేది. ఒలిచే చేతులు ఆగిపోయేవి. ఆసామికి నష్టమే, అయినా ఆయన కూడా నోరు తెరుచుకుని వినేవాడు.

ఎనభై రెండులో, విత్తనాల రోజుల్లో, కాటయ్య అంగడిలోని టేప్‌రికార్డరు ఒక సాయంత్రానికి అడిగి తెచ్చి ఆ పాట క్యాసెట్టులోకి ఎక్కించాడు. మంచి పని చేశాడు. మరుసటేడు కదిరమ్మ గొంతులో గడ్డ లేచింది. బెంగళూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. గడ్డ నరానికి చుట్టుకుని ఉంది, గొంతు దక్కుతుందని చెప్పలేమని డాక్టర్లు ముందే చెప్పారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. మిగిలింది గుసగుస. ఎదుట కూర్చుని, ఆమె పెదవులు చూస్తూ, ఊపిరి బిగబట్టి వింటే తెలుస్తుంది. అంత తీరిక ఆ ఇంట్లో ఎవరికుంది? పెద్ద కొడుకు శివన్న సేద్యం వాడు, పొద్దస్తమానం చేనులోనే. శివన్న భార్య కాటమ్మకు పొయ్యి, నీళ్ల బిందెలు, ఇద్దరు పిల్లలు. చిన్న కొడుకు కాటయ్య పావగడలో. ఏదైనా చెప్పాలంటే కదిరమ్మ ఇత్తడి చెంబును గరిటెతో కొట్టేది. మొదట్లో పరుగెత్తుకొచ్చేవాళ్లు. నాలుగేళ్లు పోయేసరికి, "అవ్వ చెంబు మొదలుపెట్టింది" అని పిల్లలు నవ్వేవాళ్లు.

అమ్మ గొంతు అమ్మకు తిరిగి వినిపించాలని కాటయ్య పట్టుబట్టాడు. క్యాసెట్టును అంగడిలోని ఏ సెట్టులో పెట్టినా, ముందు గుయ్యిమని మోత, దాని వెనక ఎక్కడో బావిలోంచి పాట. 'మబ్బమ్మా' దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోయి రేకు మీద గులకరాళ్లు రాలినట్టు వినపడేది. మా అమ్మ గొంతా ఇది అని ఆయనకు ఏడుపు, కోపం రెండూ వచ్చేవి. కొనే సెట్లలో ఏదీ పనికిరాదని తేల్చుకుని, సొంతంగా ఆంప్లిఫయర్ కట్టడానికి కూర్చున్నాడు. ఊరికి వినపడేది కాదు. ఒక్క ఇంటికి, ఉన్నది ఉన్నట్టుగా వినపడేది.

రెండేళ్లు పట్టింది. కాలిపోయిన పాత ట్రాన్స్‌ఫార్మర్ రేకులు విప్పి, ఒక్కొక్క రేకుకూ వార్నిషు పూసి, చుట్టలు లెక్కపెట్టుకుంటూ చేత్తో రాగితీగ చుట్టాడు. మధ్యలో కాటమ్మ "సంగటి చల్లారిపోతాండాది, రాప్పా మరిదీ" అని పిలిస్తే లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి ట్రాన్సిస్టర్లు తెచ్చి, సంతలో జత ఎడ్లను చూసినట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, సమానంగా లాగే రెండింటిని ఏరుకున్నాడు. అవి వేడెక్కకుండా వెనక బిగించడానికి బస్సు షెడ్డులో పారేసిన అల్యూమినియం పట్టీలు అడుక్కొచ్చాడు. స్పీకరు పెట్టె వేపచెక్కతో చేశాడు, లోపల శబ్దం గింగురుమనకుండా సొంత గొర్రెల ఉన్ని కూరాడు. కరెంటును నిలకడగా పట్టి ఉంచే కండెన్సర్లు రెండు, ఒక్కొక్కటి పాలచెంబంతవి, పాత సామాన్ల గుట్టలో వెతికి వెతికి పట్టాడు. ఆ రెండూ లేకపోతే మిగతాదంతా ఉత్త రేకుడబ్బా.

బయటి డబ్బాకు రామాంజినప్ప అంగడిలో మూల పడి ఉన్న పాత సెట్టు రేకు వాడుకున్నాడు. దానికి మైకు తగిలించే బొక్క ముందే ఉంది. అలవాటు చొప్పున లోపల దానికీ కనెక్షన్ ఇచ్చేశాడు. రామాంజినప్ప చూసి నవ్వాడు.

"ఇంట్లో కూచోని పాట వినేదానికి మైకు బొక్క ఎందుకురా? నీ పెండ్లికి నువ్వే అనౌన్సు చేసుకుంటావా?"

"ఉండే బొక్కను యాడికి తోసేదన్నా? ఉండనీలే," అన్నాడు కాటయ్య.

అన్నీ బిగించినా మోత ఇంకా కొంచెం మిగిలింది. కారణం నేల. ఎర్తు గుంత ఎంత లోతు తవ్వినా, ఎండిన నేలకు కరెంటును మింగే తడి లేదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయాలి. అడుగంటుతున్న చేని బావి నుంచి తాగడానికి బిందెలతో నీళ్లు మోసే ఇంట్లో గుంతకు నీళ్లా! కాటమ్మ ఒంటికాలి మీద లేచింది.

"మేకపిల్లకు నీళ్లు లేవంటే గుంతకు తాపుతావా? నీకు బుద్ధుండాదా?"

దానికి కాటయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. అప్పటినుంచి తన వాటా ఒక్క బిందె నీళ్లతో ఆ గుంత మీదే బండ వేసుకుని, దాని మీద నిలబడి స్నానం చేసేవాడు. హట్టి అంతా పడీపడీ నవ్వింది. మోత మాత్రం తగ్గింది.

పని నడిచిన రెండేళ్లూ, బస్సు దిగి కాళ్లు కడుక్కోగానే ఆయన చేసే మొదటి పని, అంగడిలో పాతది కొనుక్కున్న టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టడం. ఎప్పుడూ అవే రెండు చరణాలు. ఇవాళ ఒక రెసిస్టరు మార్చితే ఆ రెండు చరణాలు, రేపు ఒక తీగ జరిపితే అవే రెండు చరణాలు. పాట మొదలుకాగానే కదిరమ్మ మూలన ఉన్న కర్ర తీసుకుని, గొర్రెల దొడ్డి దిక్కుగా నడిచిపోయేది. కాటయ్య అది చూసేవాడు. ఇంకా సరిగా రాలేదు, అందుకే అమ్మకు నచ్చడం లేదు అనుకుని మళ్లీ స్క్రూడ్రైవరు పట్టేవాడు.

ఇంక రెండు రోజుల పని మిగిలి ఉందనగా ఆ దరిద్రం జరిగింది.

ఆ సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఆంప్లిఫయర్ మూత ఊడి నేల మీద పడి ఉంది. లోపల కండెన్సర్లు లేవు. స్క్రూలు విప్పే ఓపిక లేక తీగలను కొడవలితో కోసిన గుర్తులు. ఎవరు తీశారంటే కాటమ్మ పొయ్యి వైపు తిరిగింది, పిల్లలు ఆకాశం వైపు చూశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. కదిరమ్మ లేచి నిలబడి, చేత్తో చేను దిక్కు చూపించింది. ఏదో చెప్పబోయింది కూడా. కాటయ్య అప్పటికే వాకిలి దాటాడు.

బావి గట్టు మీద శివన్న తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మోటారు షెడ్డులో పొగ వాసన. స్టార్టరు చుట్టూ చినిగిన కాగితం, వెండిరేకు పేలికలు. గోడంతా మసి. మోటారులోంచి కాలిన వార్నిషు కంపు కొడుతున్నది.

సంగతి ఇదీ. ఆ కరువులో మూడు ఫేసుల కరెంటు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్లకే తెలియదు. రెండు ఫేసులే ఉన్నప్పుడు రైతులు స్టార్టరు పక్కన కండెన్సరు తగిలించి మోటారు తిప్పుకునేవాళ్లు. శివన్న కండెన్సరు మొన్న ఉబ్బి నూనె కారిపోయింది. దాంతో ఇంట్లో ఉన్నవి పీకి తెచ్చి తగిలించాడు. అవి తుపాకుల్లాగా పేలాయి. ఫ్యూజు తీగ బదులు మెలిపెట్టిన లావు తీగ ఉండడంతో అది తెగలేదు, మోటారు చుట్ట కాలింది.

"ఎవర్ని అడిగి పీకినావున్నా?" అని అరిచాడు కాటయ్య.

"అమ్మకు చెప్పే తీసుకొచ్చినా."

"అమ్మకు చెబితే? అమ్మ మెకానిక్కా? నాది గదా అది!"

"చెనిక్కాయ ఊడలు దిగతాండాయిరా. ఎల్లుండిలోపల ఒక్క తడి పడకపోతే కాయ కట్టదు. వారమాయె మూడో ఫేసు లేదు. ఇంట్లో దొడ్డ దొడ్డ కండెన్సర్లు రెండు కూచోనుంటే ఏం చేయమంటావు? పూజ చేయమంటావా?"

"అవి మోటారువి గాదున్నా! మోటారు కండెన్సరే వేరే. దీని మీద ప్లస్సు ఒగ దిక్కు, మైనస్సు ఒగ దిక్కు రాసే ఉండాది గదా!"

"నాకు ఆ రాతలు తెలిసుంటే నేనూ పావగడలో ఫ్యాను కింద కూచునేటోణ్ని. నీకు తిండి పెట్టేదానికి ఈడ మట్టి పిసికేటోణ్ని గాదు!"

"రాతలెందుకు, నోరుంటే సాలు! నిన్న రాత్రి పక్క పక్కన కూచోని తిన్న్యాము గదా, ఒక్క మాట అడిగింటే ఏం పోయేది? మోటారు కండెన్సర్లు అంగట్లో నాలుగు ఊరికే పడుండాయి. తెచ్చి నేనే తగిలిచ్చేటోణ్ని. చేనూ తడిసుండేది, మోటారూ ఉండేది, నా రెండేండ్ల పనీ ఉండేది. ఒక్క మాట, అన్నా! ఒక్క మాట!"

వీళ్లు అరుచుకుంటూ ఉండగానే కదిరమ్మ కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చింది. ఎగశ్వాసతో ఇద్దరి మధ్యా నిలబడి పెదవులు కదిపింది. "ఉండమ్మా నువ్వు," అన్నాడు శివన్న. "నువ్వు ఉండమ్మా," అన్నాడు కాటయ్య. ఆ రోజుకు అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే. ఆమె కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మోటారు పావగడలో చుట్టించి తెచ్చేసరికి ఆరు రోజులు. కాయ కట్టాల్సిన ఊడలు గట్టిపడిన నేలలోకి దిగలేక పైనే ఎండాయి. చేనులో సగానికి సగం పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అన్నదమ్ములకు మాటలు పడిపోయాయి. ఒకరికి ఉప్పు కావాలంటే కాటమ్మతో చెప్పి ఇంకొకరి దగ్గర్నుంచి అందుకునేవాళ్లు.

కాటయ్య మాత్రం ఊరుకోలేదు. బస్సులో పక్క సీటువాడికి చెప్పాడు, అంగడికి వచ్చిన గిరాకీకి చెప్పాడు, గొర్రెలు కాసేవాళ్లను ఆపి చెప్పాడు. "చేను సస్తాంటే నేను వద్దంటానా? నన్ను మనిషిగా చూసి ఒక్క మాట అడగలేదు, అదీ నా బాధ." ఆయన బాధ న్యాయమైందే. కాదని ఎవరనగలరు? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగకుండానే తీసుకుపోయి తగలబెట్టారు.

దీపావళి పోయాక మళ్లీ బెంగళూరుకు పోయి, రెండు రోజులు గుట్టలన్నీ వెతికి, అదే కొలత కండెన్సర్లు రెండు తెచ్చాడు. అంగడికి సెలవు రోజున, పొద్దున పది గంటలకు, ఆంప్లిఫయర్ పూర్తయింది. పంతానికి అందరినీ పిలిచాడు. రామాంజినప్ప దారిలో గిరాకీకి ఇవ్వాల్సిన మైకు ఒకటి చేతిలో పట్టుకుని పావగడ నుంచి వచ్చాడు. కదిరమ్మతో కలిసి పాతికేళ్లు కాయలు ఒలిచిన పొరుగింటి హొన్నమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. శివన్నను కాటమ్మ బలవంతంగా లాక్కొచ్చింది. ఆయన గోడ వైపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

కాటయ్య స్విచ్చి వేశాడు. ఎర్రలైటు వెలిగింది. అంతే. ఏ శబ్దమూ లేదు.

రామాంజినప్ప చెవి దగ్గర పెట్టి చూశాడు. "ఏంది కాటయ్యా, ఆన్ చేసినావా లేదా?"

"చేసినాన్నా."

"గుయ్ అనేదే లేదే. మళ్లా సచ్చిపోయిందేమో చూడప్పా."

"అది సచ్చింది కాదన్నా. మోత సచ్చింది," అన్నాడు కాటయ్య. పదేళ్ల కోపం ఆ ఒక్క మాటలో తీరింది. క్యాసెట్టు పెట్టాడు. ముందు కాయలు చిట్లుతున్న టపటప శబ్దం, ఎవరో దగ్గినది, హొన్నమ్మ గాజులు. వాకిట్లోనే ఒలుస్తున్నట్టు ఉంది. తరువాత పాట ఎత్తుకుంది. 'నల్లా మబ్బమ్మా' అని గొంతు పైకి లేచింది. చీలలేదు. అక్కడ నిలబడింది, ఊపిరి తీసుకున్నది కూడా వినపడింది. హొన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాటయ్య తల్లి మొహంలోకి చూశాడు. రెండేళ్లుగా ఆయన కాచుకున్నది ఈ క్షణం కోసమే.

కదిరమ్మ కర్ర కోసం చెయ్యి చాపలేదు. లేచి, నేరుగా వచ్చి, టేప్‌రికార్డరు బొత్తాము వేలితో గట్టిగా నొక్కింది. పాట తెగిపోయింది.

"ఏమమ్మా? ఇంకా బాగలేదా?" అన్నాడు కాటయ్య.

ఆమె రామాంజినప్ప చేతిలోని మైకు లాక్కుంది. మైకుసెట్టు మెకానిక్కును కన్న తల్లి, తీగ ఏ బొక్కలో పెట్టాలో ఆమెకు తెలియకపోదు. తనే పెట్టింది. కాటయ్య మైకు సౌండు పెంచే బిరడాను తిప్పి, కుయ్యిమని కూత రాకుండా స్పీకరు పెట్టెను వాకిట్లోకి జరిపాడు. ఆమె మైకును పెదవులకు ఆనించింది.

మొదట ఊపిరి వినపడింది. ఆ తరువాత మాట.

"రేయ్ శివన్నా."

గుసగుసే. పాడిన గొంతు కాదు, గీసుకుపోయిన, గాలి నిండిన మాట. కానీ వాకిలంతా నిండింది. రామాంజినప్ప సెట్టు అయితే ఆ మాట గుయ్యిమనే మోతలో కొట్టుకుపోయేది. ఇక్కడ ఒక్క అక్షరం పొల్లుపోలేదు. శివన్న గోడ వైపు నుంచి గిరుక్కున తిరిగాడు.

"అమ్మకు చెప్పే తీసుకపోయినానంటివే, ఏం చెప్పినావురా? 'అమ్మా, తీసుకపోతాండా' అని ఆ వాకిట్లో నిలబడి అరిచి పోతివి. నేను వద్దన్న్యా. వాడొచ్చేదంకా ఉండమన్న్యా. చెంబు కొట్టినా. నువ్వు తిరిగి చూసినావా? చెప్పినా అంటావు గానీ, నేనేం చెప్పినానో విన్న్యావా? మోటారు కాలె, చేను ఎండె. ఇంట్లో పెద్దముండ ఒగతి ఉండాది, దానికీ ఏమన్నా తెలుసేమో అని ఎవరికన్నా తట్టిందా?"

శివన్న నోరు తెరిచాడు. "మాట్లాడొద్దు. ఇది నా పొద్దు," అంది స్పీకరు.

"కాటమ్మా, నువ్వేం తల దించుకుంటావు? నీ పిల్లోళ్లు చెంబు చూసి నవ్వుతాంటే నువ్వూ పండ్లు బయటపెడతావు. హొన్నీ, నువ్వు నాలుగిండ్ల అవతల ఉండేదానివి గాదు, గోడ పక్కనుండేదానివి. నా గొంతు పోయినాక ఎన్నితూర్లు వచ్చి నా ముందర కూచున్న్యావు? పాట పోతే నేనూ పోయినట్టేనా?"

హొన్నమ్మ వెక్కిళ్లు పెట్టింది. కాటయ్యకు లోపల ఎక్కడో చిన్న సంతోషం. తన తరఫున అమ్మ అందరినీ కడిగేస్తున్నదని. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నువ్వేం మురిసిపోవాకు. నీది అందరికంటే పెద్దది ఉండాది. ఒక్క మాట అడగలేదని బస్సెక్కి చెప్తివి, బస్సు దిగి చెప్తివి. నువ్వు నన్ను అడిగినావా? 'అమ్మా, నీ పాట పెడతా, వింటావా' అని ఈ రెండేండ్లలో ఒక్కనాడన్నా అడిగినావా? పొద్దుగూకితే సాలు, నా గొంతు తెచ్చి నా ముందర పెడతావు. సచ్చినోళ్ల చీర దినామూ తెచ్చి కండ్లముందర ఆరేసినట్టు. నేను దొడ్డికాడికి పోయి గొర్రెల్లో కూచోని ఏడుస్తాంటి. నువ్వేమో బాగలేదు, ఇంకా బాగలేదు అని మరమ్మత్తు చేస్తాంటివి. పోయిన గొంతుకు రెండేండ్లు మరమ్మత్తు చేసినావు గదరా కాటయ్యా. ఈ ఉండే గొంతు ఎట్లుంటాదో ఒక్కపొద్దు కూచోని విన్న్యావా?"

ఆ గుసగుసలో మాట మాటకూ మధ్య ఆమె ఎంత కష్టపడి గాలి పీలుస్తుందో, నాలుగేళ్లలో మొదటిసారి కాటయ్యకు వినపడింది. తను కట్టిన పెట్టె అంత మంచిది. ఆయన టేప్‌రికార్డరులోంచి క్యాసెట్టు తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె వైపు చాపాడు.

"ఏం చేయమంటావమ్మా దీన్ని?" అని అడిగాడు.

ఆమె దాన్ని తీసుకుని రొండిన దోపుకుంది.

"అదీ, అట్ల అడగాల. ఇది నాది. నాకు బుద్ధి పుట్టిన పొద్దు నేనే పెట్టమంటా," అంది మైకులో. అప్పటికి గోడల మీదుగా పొరుగిళ్ల తలలు లేచాయి. గొర్రెలు తోలుకుపోతున్న వాళ్లు దారిలో ఆగిపోయారు. కదిరమ్మ వాళ్లనూ ఒకసారి చూసింది, తలెత్తి నీళ్లు లేని మబ్బునూ చూసింది. తిట్టాల్సిన వాళ్లు చాలామందే మిగిలినట్టున్నారు. మైకు మీద వేలితో టకటక కొట్టింది.

"ఏందిరా ఇది, దీని సద్దు ఇంతేనా? రామాంజినప్ప సెట్టు పక్కూరికి ఇనపడతాది గదా. పెంచు. నాలుగేండ్లది ఉండాది నా దగ్గర."

కాటయ్య పెంచాడు.